పదిహేను గ్రాముల అద్దం, ఇరవై మూడు టన్నుల గాజు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద టెలిస్కోపుల మీదే. ఆరో తరగతి చదివే అమ్మాయి మొదలుకొని పదవీ విరమణ చేసిన ఇంజనీరు దాకా అడిగారు. ముందే ఒక మాట చెప్పాలి. నేను ఖగోళ శాస్త్రవేత్తను కాను. కాలేజీలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పాను. ఇరవై ఏళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా టెలిస్కోపు అద్దాలు చేత్తో సానపడుతున్నాను. అందుకని నా జవాబులు నక్షత్రాల వైపు కన్నా గాజు వైపే మొగ్గుతాయి. ఈ ఉత్తరాల్లో చాలావాటికి జవాబు ఉన్నది కూడా గాజులోనే.

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా పెద్ద ఆప్టికల్ టెలిస్కోపు ఏది? ఒక పుస్తకంలో గ్రాన్ టెలిస్కోపియో కెనరియాస్ అని, మరో దాంట్లో లార్జ్ బైనాక్యులర్ టెలిస్కోప్ అని, ఇంకో దాంట్లో హాబీ-ఎబర్లీ అని ఉంది. పోటీ పరీక్షలో ఏది రాయాలి?

జవాబు: పరీక్షలో గ్రాన్ టెలిస్కోపియో కెనరియాస్ అని రాయండి. స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లో, లా పాల్మా అనే దీవి కొండ మీద ఉంది. 36 షట్కోణపు ముక్కలను పక్కపక్కన పేర్చి చేసిన దాని అద్దం వెడల్పు 10.4 మీటర్లు. 2007లో తొలిసారి నక్షత్ర కాంతి దాని మీద పడింది. దాని వెనకే హవాయిలోని మౌనా కియా శిఖరం మీద కెక్ జంట టెలిస్కోపులున్నాయి, ఒక్కొక్కటి 10 మీటర్లు.

మిగిలిన రెండు పేర్లు రాసినవాళ్లు కూడా తప్పు రాయలేదు. అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న హాబీ-ఎబర్లీ అద్దం 91 ముక్కలతో 11 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. అయితే అది ఎప్పుడూ ఒకే వాలులో ఉంటుంది, పైకీ కిందికీ వంగదు. నక్షత్రం కదులుతుంటే పైనున్న పరికరం దాన్ని వెంబడిస్తుంది. కాబట్టి అద్దం మొత్తం ఒకేసారి పనికి రాదు. దక్షిణాఫ్రికాలోని సదర్లాండ్‌లో ఉన్న సాల్ట్ దానికి చెల్లెలు వంటిది, ముక్కలు కూడా అన్నే. ఇక అరిజోనాలోని లార్జ్ బైనాక్యులర్‌లో 8.4 మీటర్ల అద్దాలు రెండు ఒకే చట్రం మీద జోడుగా ఉంటాయి. రెండూ కలిసి పోగుచేసే కాంతి 11.8 మీటర్ల ఒంటి అద్దం పోగుచేసే కాంతికి సమానం.

నన్ను అడిగితే "పెద్ద టెలిస్కోపు ఏది" అనడం కన్నా "అతుకు లేని గాజు ఎంత పెద్దది" అని అడగడం బాగుంటుంది. దానికి జవాబు 8.4 మీటర్లు. లార్జ్ బైనాక్యులర్ అద్దాలు, 2025లో తొలి చిత్రాలు విడుదల చేసిన వేరా రూబిన్ అబ్జర్వేటరీ అద్దం ఆ కొలతవే. అంతకన్నా వెడల్పు కావాలనుకున్నవాళ్లు ముక్కలు పేర్చుకున్నారు.

ప్రశ్న: మేడమ్, ఇంట్లో అద్దానికి పూత వెనక వైపు ఉంటుంది. టెలిస్కోపు అద్దానికి మాత్రం ముందు వైపే లోహపు పూత వేస్తారని చదివాను. అలాగైతే కాంతి గాజులోకి వెళ్లనే వెళ్లదు కదా! మరి అన్ని టన్నుల గాజు ఎందుకు? రేకు సరిపోదా?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మొదలుపెట్టిన లెక్కను చివరి దాకా వేద్దాం.

చిలీలో పరనాల్ కొండ మీద వెరీ లార్జ్ టెలిస్కోప్ ఉంది. దాని నాలుగు పెద్ద అద్దాల్లో ఒక్కొక్కటి 8.2 మీటర్ల వెడల్పు, 17.5 సెంటీమీటర్ల మందం, సుమారు 23 టన్నుల బరువు. ముఖం మీద అల్యూమినియం పూత మందం 100 నానోమీటర్ల లోపే, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. ముఖం వైశాల్యం సుమారు 52 చదరపు మీటర్లు. ఈ రెండింటినీ గుణిస్తే మొత్తం అల్యూమినియం ఐదు ఘన సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. తూకం వేస్తే పదిహేను గ్రాములు దాటదు. నక్షత్ర కాంతిని మళ్లించి పంపేది ఆ పదిహేను గ్రాములే. ఇరవై మూడు టన్నుల గాజు దానికి పీట.

పీటకు అంత హంగు ఎందుకంటే, ఆ పూతను ఒక ఆకారంలో నిలబెట్టాలి. కాంతి తరంగం పొడవు సుమారు అర మైక్రాను, అంటే మిల్లీమీటరులో రెండు వేలో వంతు. అద్దం మీద ఎత్తుపల్లాలు అందులో చిన్న భాగాన్ని మించితే కిరణాలన్నీ ఒకే చుక్కలో కలవవు. ఈ అద్దాల్లో మిగిలే ఎత్తుపల్లాలు ఇరవై నానోమీటర్ల స్థాయిలో ఉంటాయి. ఆ అద్దాన్ని వెయ్యి కిలోమీటర్ల వెడల్పుకు పెంచామనుకోండి. అప్పుడు కూడా దాని మీద మిట్టలు రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. రేకు ఆ నునుపు పట్టదు. పట్టినా ఎండకు, చలికి, తన బరువుకే వంగిపోతుంది. గాజును సానపడితే అణువుల మందం దాకా నునుపు తేరుతుంది. పైగా పరనాల్ అద్దాలు చేసిన జెరోడ్యూర్ వంటి గాజు వేడికి సాగదు, చలికి ముడుచుకోదు అన్నంత నిలకడగా ఉంటుంది.

అయినా 8 మీటర్ల వెడల్పుకు 17 సెంటీమీటర్ల మందమంటే పలకలాంటిదే. టెలిస్కోపు వాలిన కొద్దీ అది తన బరువుకు తానే వంగుతుంది. అందుకని వెనక నుంచి కంప్యూటర్ నడిపే 150 జాకీలు నెడుతూ, సడలిస్తూ ఆకారం దిద్దుతుంటాయి. హవాయిలోని జపాన్ టెలిస్కోపు సుబారు అద్దం వెనక అలాంటివి 261 ఉన్నాయి. పీటకూ పీట కావాలన్నమాట.

మీరన్న రేకు లాంటిది కాకపోయినా, మొత్తం లోహంతోనే అద్దాలు చేసిన కాలం ఉంది. న్యూటన్ 1668లో చేసిన మొదటి ప్రతిబింబ టెలిస్కోపు అద్దం రాగి, తగరం కలిపిన లోహమే. ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ 1789లో 1.2 మీటర్ల అద్దం చేశాడు. ఐర్లండ్‌లో రాస్ ప్రభువు 1845లో 1.8 మీటర్లకు వెళ్లాడు. వాళ్ల కష్టం తలుచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ లోహం మెరుపు కొన్ని నెలల్లోనే మాసిపోయేది. మళ్లీ మెరుగుపెట్టాలంటే ముఖమే అరగదీయాలి. ముఖం అరిగితే ఆకారం పోతుంది. అంటే అద్దాన్ని శుభ్రం చేసిన ప్రతిసారీ దాన్ని మొదటి నుంచి తయారుచేసినట్టే. అందుకే రాస్ ఒకే టెలిస్కోపుకు రెండు అద్దాలు చేయించుకున్నాడు, ఒకటి పనిలో ఉంటే మరొకటి సానలో ఉండేది.

1850ల్లో గాజు మీద రసాయనాలతో పల్చగా వెండి పూయడం వచ్చింది. అప్పటి నుంచి మెరుపు వేరు, ఆకారం వేరు. పూత మాసిపోతే కడిగేసి కొత్తది వేసుకోవచ్చు, కింద గాజు చెక్కు చెదరదు. టెలిస్కోపుల చరిత్రలో లెన్సు తరవాత ఇంత పెద్ద మలుపు లేదని నా నమ్మకం. 1930ల్లో వెండి స్థానంలోకి అల్యూమినియం వచ్చింది. నేటి పెద్ద టెలిస్కోపుల్లో ఏడాదికో రెండేళ్లకో ఒకసారి అద్దాన్ని విప్పి, పాత పూత కరిగించి, గాలి తీసేసిన గదిలో కొత్త పూత వేస్తారు.

పూత ముందే ఎందుకన్నది కూడా చెప్పాలి. ఇంట్లో అద్దానికి వేలి కొన ఆనించి పక్క నుంచి చూడండి. గాఢమైన ప్రతిబింబంతో పాటు మసకగా మరొకటి కనిపిస్తుంది. అది గాజు ముందు ముఖం నుంచి వచ్చింది. నక్షత్రాల లోకంలో ఆ దొంగ నీడ పనికిరాదు.

ప్రశ్న: గెలీలియో టెలిస్కోపులో ఉన్నవి కటకాలు. పెద్ద కటకాలు ఎందుకు చేయరు?

జవాబు: చేశారు, ఒక మీటరు దగ్గర ఆగిపోయారు. అమెరికాలోని యెర్కీస్ అబ్జర్వేటరీలో 1897 నాటి 1.02 మీటర్ల కటకం ఉంది. కటకం గుండా కాంతి వెళ్లాలి కాబట్టి దాన్ని అంచుల దగ్గరే పట్టుకోగలం. వెడల్పు పెరిగితే నడిమి భాగం బరువుకు కుంగుతుంది. పైగా రంగు రంగుకూ కాంతి వేర్వేరు చోట్ల కలుస్తుంది. అద్దానికైతే వీపంతా మనదే, ఎక్కడైనా ఆసరా ఇవ్వవచ్చు.

ప్రశ్న: నేను యంత్రాల కర్మాగారంలో పోత పనులు చూసినవాణ్ని. ఇనుప దిమ్మె చల్లారేటప్పుడే పగుళ్లు వస్తాయి. ఎనిమిది మీటర్ల గాజును ఎలా పోస్తారు? పగలకుండా ఎలా చల్లారుస్తారు?

జవాబు: అనుభవం ఉన్నవారు కాబట్టి మీకు కొంచెం వివరంగా చెబుతాను. పోత పనిలో ఓపిక ఎంత ముఖ్యమో మీకు తెలుసు.

కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండ మీదున్న 5 మీటర్ల హేల్ టెలిస్కోపు అద్దం కథ చూడండి. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు కర్మాగారంలో 1934 మార్చిలో మొదటి పోత పోశారు. బరువు తగ్గించడానికి వీపు వైపు గూళ్లు రావాలని అచ్చులో దిమ్మెలు బోల్టులతో బిగించారు. కరిగిన గాజు వేడికి బోల్టులు లొంగిపోయాయి. దిమ్మెలు ఊడి గాజులో పైకి తేలాయి. ఆ పళ్లెం పనికిరాకపోయింది. బోల్టుల లోహం మార్చి అదే ఏడాది డిసెంబరులో రెండోసారి పోశారు. ఈసారి కొలిమి వేడిని రోజుకు కొద్ది కొద్దిగా తగ్గిస్తూ పది నెలలు చల్లార్చారు. మధ్యలో 1935లో ఊరి నదికి వరద వచ్చి కొలిమికి కరెంటు పోయింది. అయినా గాజు నిలిచింది. 1936లో దాన్ని నిలువుగా నిలబెట్టి, గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటకుండా, రైలులో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు తెచ్చారు. సానపట్టడం, యుద్ధకాలంలో ఆపడం, మళ్లీ సానపట్టడం అన్నీ అయ్యేసరికి 1947 వచ్చింది. ఐదు టన్నుల దాకా గాజు పొడిగా రాలిపోయింది. 1948లో ప్రారంభమైన ఆ టెలిస్కోపు ఇప్పటికీ పనిచేస్తోంది. మొదటి పోతలో చెడిన పళ్లెం కార్నింగ్ గాజు మ్యూజియంలో ఉంది. తప్పును దాచకుండా అందరూ చూసేలా పెట్టడం నాకు చాలా నచ్చింది.

మందంగా పోస్తే గట్టిగా ఉంటుంది కదా అనిపించవచ్చు. 1975లో సోవియట్ యూనియన్ కాకసస్ కొండల్లో పెట్టిన 6 మీటర్ల అద్దం 65 సెంటీమీటర్ల మందం, 42 టన్నుల బరువు. గాజు పగటి వేడిని రాత్రంతా పట్టుకుని ఉంటుంది. బయట గాలి చల్లబడుతుంటే అద్దం ఇంకా వెచ్చగా ఉండి, దాని ముందు గాలి కదలాడి బొమ్మ చెదిరిపోతుంది. బరువు కన్నా ఆ వేడే పెద్ద ఇబ్బందిగా మారింది.

దీనికి విరుగుడు రోజర్ ఏంజెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అరిజోనా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ స్టేడియం గ్యాలరీల కింద గుండ్రటి కొలిమి ఒకటి ఉంది. అందులో తేనెపట్టు గదుల్లా అచ్చు పేర్చి, దాని మీద గాజు గడ్డలను చేత్తో ఒక్కొక్కటిగా అమర్చుతారు. మూత వేసి సుమారు 1165 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తూ కొలిమి మొత్తాన్నీ బొంగరంలా తిప్పుతారు. 8.4 మీటర్ల అద్దానికి నిమిషానికి ఐదు చుట్లు చాలు. బిందెలో నీళ్లు గిరగిరా తిప్పితే మధ్యలో గుంట పడి అంచులు పైకి లేస్తాయి కదా, ఆ గుంట ఆకారం కచ్చితమైన పరావలయం. కిరణాలన్నిటినీ ఒకే చుక్కకు చేర్చే ఒంపు అది, టెలిస్కోపుకు కావలసిందీ అదే. గాజు తిరుగుతూనే గడ్డకడుతుంది కాబట్టి టన్నులకొద్దీ అరగదీసే పని తప్పుతుంది. లోపలంతా బోలు గదులు కాబట్టి ఫ్యాన్లతో గాలి పంపి అద్దాన్ని రాత్రి చలికి సమంగా ఉంచవచ్చు. చల్లార్చడానికి మాత్రం ఇప్పటికీ మూడు నెలలు పడుతుంది. అక్కడ తొందర కుదరదు.

ఇదే సూత్రాన్ని గడ్డకట్టించకుండా వాడే టెలిస్కోపు కూడా ఉంది. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లో 4 మీటర్ల పళ్లెంలో పాదరసం పోసి ఎనిమిది సెకన్లకో చుట్టు తిప్పుతారు. తిరిగినంతసేపూ అద్దం, ఆపితే మడుగు. నడినెత్తి మీద ఆకాశాన్ని తప్ప మరోవైపు చూడలేదు, ఎందుకంటే వంచితే ఒలికిపోతుంది.

ప్రశ్న: ముక్కల అద్దాల్లో ముక్కలు షట్కోణాకారంలోనే ఎందుకుంటాయి? చదరాలు పెట్టకూడదా?

జవాబు: గుండ్రటి ముక్కలు పేరిస్తే సందులు మిగులుతాయి. చదరాలు సందు లేకుండా అమరుతాయి కానీ మూలలు కేంద్రానికి బాగా దూరం. సానపట్టేటప్పుడు, ఆసరా ఇచ్చేటప్పుడు ఇబ్బంది పెట్టేవి ఆ మూలలే. షట్కోణం సందు వదలదు, వృత్తానికి దగ్గరగానూ ఉంటుంది. తేనెటీగలు కూడా అదే ఎంచుకున్నాయి.

అసలు చిక్కు ఆకారంలో లేదు, ఒంపులో ఉంది. పెద్ద పరావలయంలోంచి ఒక పక్క ముక్క కోస్తే దాని ఒంపు ఒకవైపు ఒకలా, మరోవైపు మరోలా ఉంటుంది. సానపట్టే పనికి సహజంగా వచ్చేది గోళపు ఒంపు ఒక్కటే, ఎందుకంటే రెండు గాజులు ఒకదానిపై ఒకటి అన్ని వైపులా రాపాడితే గోళమే మిగులుతుంది. వంకర ఒంపును ఎలా రాబట్టాలి? కెక్ రూపశిల్పి జెర్రీ నెల్సన్, ఆయన సహచరులు చేసిన పని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1.8 మీటర్ల వెడల్పు, 7.5 సెంటీమీటర్ల మందం ఉన్న గాజు పళ్లేన్ని అంచుల్లో మీటలు బిగించి లెక్క ప్రకారం కొద్దిగా వంచారు. వంగి ఉన్న గాజు మీద మామూలు గోళాకారం సానపట్టారు. మీటలు వదిలేశారు. గాజు తన బిగువు తాను సడలించుకుంటూ వెనక్కి వచ్చి, కావలసిన వంకర ఒంపులో కుదురుకుంది! తరవాత షట్కోణంగా కోసినప్పుడు వచ్చిన చిన్న తేడాలను అయాన్ల ధారతో, అణువుల లెక్కన గీకి సరిచేశారు.

అలా వచ్చిన 36 ముక్కలను పేర్చాక వాటి అంచుల మధ్య 168 సెన్సర్లు ఏ ముక్క ఎంత జరిగిందో కొలుస్తూ ఉంటాయి. సెకనుకు రెండుసార్లు 108 మరలు ముక్కలను నానోమీటర్ల లెక్కన సర్దుతాయి. ముప్పై ఆరు గాజులు రాత్రంతా ఒకే గాజులా ఉంటాయి.

ప్రశ్న: పది మీటర్ల టెలిస్కోపు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుంది? శాస్త్రవేత్తలు రాత్రంతా దానిలో కన్ను పెట్టి కూర్చుంటారా?

జవాబు: పెద్దది చేయడం దాని ముఖ్యమైన పని కాదు. కాంతిని పోగుచేయడం దాని పని. చీకట్లో మన కంటిపాప వెడల్పు 7 మిల్లీమీటర్లు. పది మీటర్ల అద్దం దానికన్నా ఇరవై లక్షల రెట్లు కాంతిని పడుతుంది. ఆ కాంతి కెమెరాకో, కాంతిని రంగులుగా విడదీసి కొలిచే వర్ణపటమాపకానికో వెళుతుంది, ఎవరి కంటికీ వెళ్లదు. పాలోమార్‌లో మాత్రం ఒకప్పుడు శాస్త్రవేత్త టెలిస్కోపు గొట్టం పై కొసన వేలాడే బుట్టలాంటి గదిలో చలికి వణుకుతూ రాత్రంతా కూర్చుని ఫొటో పలకలు మార్చేవారు. ఇప్పుడు కెక్‌ను వాడేవారు చాలాసార్లు కొండ కింద గదిలో కంప్యూటర్ ముందుంటారు. 4,145 మీటర్ల ఎత్తున ఊపిరి అందడమే కష్టం.

ప్రశ్న: టీచర్ గారూ, అంత పెద్ద అద్దం మీద దుమ్ము పడితే గుడ్డతో తుడుస్తారా? పగిలిపోతే ఏం చేస్తారు? నేను ఆరో తరగతి.

జవాబు: గుడ్డ అసలు తగలనివ్వరు, తల్లీ! దుమ్ము రేణువు గట్టిగా ఉంటుంది. గుడ్డతో రుద్దితే అది పూత మీద గీత గీస్తుంది. అందుకని చాలా చోట్ల గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మంచులా చల్లుతారు. ఆ మంచు రవ్వలు అద్దం మీద జారుతూ దుమ్మును ఊడ్చుకుపోయి, తడి లేకుండా గాలిలో కలిసిపోతాయి.

పగలడం గురించి నువ్వు అడిగావు కాబట్టి నిజంగా జరిగింది చెబుతాను. 1970లో టెక్సస్‌లోని మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో పనిచేసే ఒక మనిషి మతి చలించి 2.7 మీటర్ల అద్దం మీద పిస్తోలుతో గుళ్లు పేల్చాడు. మన ఇంటి అద్దమైతే ముక్కలు ముక్కలయ్యేది. ఇది మందమైన గట్టి గాజు కాబట్టి గుళ్లు తగిలినచోట గుంటలు పడ్డాయి, అంతే. గుంటలు ఉన్నంత మేర కాంతి తగ్గింది, వందలో ఒక వంతు. ఆ టెలిస్కోపు ఆ మచ్చలతోనే ఇప్పటికీ నక్షత్రాలను చూస్తోంది.

ప్రశ్న: అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు అద్దం 2.4 మీటర్లే. భూమ్మీద పది మీటర్లవి ఉండగా దాన్ని అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

జవాబు: గాలి వల్ల. నక్షత్రం మిణుకుమనడం మనకు అందం, టెలిస్కోపుకు శాపం. గాలి పొరలు కాంతిని ఇటూ అటూ వంచుతుంటే, ఎంత మంచి కొండ మీదైనా పది మీటర్ల అద్దం ఇరవై సెంటీమీటర్ల అద్దం చూపించేంత స్పష్టతే చూపిస్తుంది. కాంతి మాత్రం ఎక్కువ పడుతుంది. హబుల్ గాలి దాటి పైన ఉంది.

భూమ్మీద దీనికి విరుగుడుగా కాంతి దారిలో మరో చిన్న పల్చటి అద్దం పెట్టి, గాలి కాంతిని ఎలా చెదరగొడితే దానికి సరిగ్గా ఎదురుగా ఆ అద్దాన్ని సెకనుకు వందలసార్లు వంచుతారు. గాలి ఏం చేస్తోందో తెలియడానికి ప్రకాశవంతమైన నక్షత్రం దగ్గర్లో ఉండాలి. లేకపోతే పసుపు రంగు లేజరును పైకి పంపి, 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరలో కృత్రిమ నక్షత్రాన్ని వెలిగిస్తారు. ఈ పద్ధతి చేతికి వచ్చాకే ఆండ్రియా గెజ్ బృందం కెక్‌తోనూ, రైన్‌హార్డ్ గెంజెల్ బృందం వెరీ లార్జ్ టెలిస్కోపుతోనూ పాలపుంత నడిబొడ్డున నక్షత్రాలు గిరగిరా తిరగడాన్ని స్పష్టంగా పట్టుకోగలిగారు. వాటిలో ఒకటి 16 ఏళ్లకో చుట్టు చుడుతుంది. దాన్ని అలా తిప్పుతున్నది నలభై లక్షల సూర్యుళ్లంత బరువున్న కృష్ణబిలమని తేలింది. 2020లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

హబుల్ పేరు వచ్చింది కాబట్టి దాని అద్దం గురించి సానపట్టే మనిషిగా ఒక మాట. 1990లో అది పైకి వెళ్లాక బొమ్మలు మసకగా వచ్చాయి. అద్దం అద్భుతంగా నునుపు తేరింది, కానీ తప్పు ఆకారానికి. అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా ఉంది. కారణం, కొలిచే పరికరంలో ఒక కటకం ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉండటం. మరింత బాధ కలిగించేది ఏమిటంటే, వేరే మామూలు పరీక్షలు తప్పు ఉందని చూపించినా, ఖరీదైన పరికరం మాటే నమ్మారు. 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేసే అద్దాలు పెట్టేదాకా ఆ నష్టం తీరలేదు. నేను ఎంత చిన్న అద్దాన్నైనా రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలవకుండా పూతకు పంపను. రెండూ ఏకీభవించకపోతే ఏది మంచి పరికరమని ఆలోచించను, ఆ రోజుకు పని ఆపేస్తాను.

ప్రశ్న: 39 మీటర్ల టెలిస్కోపు కడుతున్నారట, నిజమేనా?

జవాబు: నిజమే. చిలీలో సెర్రో అర్మజోనెస్ అనే కొండ మీద, 3,046 మీటర్ల ఎత్తున, యూరప్ దేశాల ఎక్స్‌ట్రీమ్‌లీ లార్జ్ టెలిస్కోప్ లేస్తోంది. 798 ముక్కలు, ఒక్కొక్కటి 1.4 మీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. అన్నీ ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ కేంద్రం నుంచి దూరాన్ని బట్టి 133 రకాల ఒంపులున్నాయి. ఒక్కో రకానికి ఆరేసి ముక్కలు, అదనంగా ఒకటి చేతిలో. పూత పాతబడుతుంటుంది కాబట్టి రోజుకు రెండేసి ముక్కలు విప్పి, కొత్త పూత వేసి, తిరిగి పెట్టాలి. ఆ టెలిస్కోపు ఉన్నంత కాలం ఆ పని సాగుతూనే ఉంటుంది. గాలి తప్పును సరిదిద్దే అద్దం దీనికి లోపలే ఉంది. వెడల్పు 2.4 మీటర్లు, మందం 2 మిల్లీమీటర్ల లోపు, వెనక ఐదు వేలకు పైగా మరలు.

చిలీలోనే 8.4 మీటర్ల అద్దాలు ఏడింటితో జెయింట్ మాజెల్లాన్ టెలిస్కోపు నిర్మాణంలో ఉంది. 492 ముక్కలతో 30 మీటర్ల టెలిస్కోపును మౌనా కియా మీద కట్టాలనుకున్నారు. ఆ శిఖరం హవాయి ఆదివాసులకు పవిత్రమైనది. 2015లోనూ 2019లోనూ వాళ్లు దారికి అడ్డంగా నిలబడి పని ఆపించారు. టెలిస్కోపులంటే ప్రాణం పెట్టే మనిషిని నేను. అయినా అక్కడివాళ్ల ఇష్టం లేకుండా ఆ కొండ మీద రాయి కదపడం సరికాదనే అనుకుంటున్నాను.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. ఆరంగుళాల అద్దం నా చేత్తో చేసుకోవాలని ఉంది. అయ్యే పనేనా?

జవాబు: తప్పకుండా అవుతుంది. నా మొదటి అద్దం ఆ కొలతే. ఒకే వెడల్పు గల గుండ్రటి మందపాటి గాజులు రెండు కావాలి. ఒకటి బల్ల మీద బిగించి, దాని మీద కార్బొరండం అనే సానపట్టే గరుకు పొడి, నీళ్లు వేసి, రెండో గాజును పైన పెట్టి ముందుకూ వెనక్కీ తోయాలి. తోస్తూ బల్ల చుట్టూ అడుగులేస్తూ తిరగాలి, పై గాజును చేతిలో కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి. పై గాజులో గుంట పడుతుంది, కింది గాజు ఉబ్బుతుంది. ఎంత గుంట అనుకుంటున్నావు? 1.2 మీటర్ల నాభ్యంతరానికి, అంటే అద్దం నుంచి కిరణాలు కలిసే చోటికి ఉన్న దూరానికి, మధ్యలో 1.2 మిల్లీమీటర్లు. అంతే.

తరవాత పొడిని అంతకంతకూ మెత్తనిది మార్చుకుంటూ పోవాలి. మార్చే ముందు బల్ల, చేతులు, గోళ్ల సందులు, బకెట్టు అన్నీ కడుక్కో. పాత పొడి రేణువు ఒక్కటి మిగిలినా వారం పని గీతలపాలవుతుంది. చివర్లో తారులాంటి పిచ్ పరిచిన పీట మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుగుపెడితే బూడిద రంగు గాజు ఒక్కసారిగా పారదర్శకమవుతుంది. నేను అక్కడే తొందరపడ్డాను. పిచ్ మరీ మెత్తగా ఉందని తెలిసీ రుద్దుకుంటూ పోయాను. అంచు వాలిపోయింది. కొలిచి చూసుకున్నాక మెరుగు మొత్తం వదులుకుని మళ్లీ పొడి దగ్గర నుంచి మొదలుపెట్టాను. రెండోసారి మూడు నెలలు పట్టింది.

మెరుగు వచ్చాక ఉన్నది గోళం. దాన్ని పరావలయం చేయడానికి అంచుకూ మధ్యకూ తేడా రావలసింది 0.3 మైక్రాను కన్నా తక్కువ, కాంతి తరంగంలో సుమారు సగం. కంటికి, వేలికి అందనిది. దాన్ని చూడటానికి ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1850ల చివర్లో చెప్పిన పరీక్ష చాలు. సన్నని రంధ్రం వెనక దీపం, ఒక బ్లేడు, నీ కన్ను, అంతే. దీపం కాంతి అద్దం మీద పడి తిరిగి వచ్చి కలిసే చోట బ్లేడుతో మెల్లగా కోస్తే, అద్దం మీది ఎత్తుపల్లాలు పక్క నుంచి ఎండ పడిన నేలలా నీడలతో కనిపిస్తాయి.

మొదటిసారి ఆ పరీక్ష పెట్టినప్పుడు ఒక పని చేసి చూడు. అద్దం మీద బొటనవేలు ఒక నిమిషం ఆనించి, తీసేసి, వెంటనే బ్లేడు వెనక నుంచి చూడు. నీ వేలి వెచ్చదనానికి గాజు ఉబ్బి, అక్కడ ఒక గుట్ట లేచి ఉంటుంది, దానికి నీడ కూడా ఉంటుంది. నిమిషాల తరబడి అది మెల్లగా కుంగుతూ పోతుంది. అది పూర్తిగా మాయమై, అద్దం మొత్తం గది చలువకు వచ్చేదాకా ఏ కొలతా రాసుకోవద్దు.